పూతరేకులున్న ఇంట్లో బండి

సూరిబాబు తన మోటారు సైకిల్ని పనసకాయ కోసినట్టు కోసి వరండాలో చాప మీద పరిచేసేడనీ, మళ్ళీ బిగించేటప్పటికి చిన్నా పెద్దా కలిపి దోసెడు సామాను మిగిలిపోయిందనీ, అయినా బండి శుభ్రంగా నడుస్తోందనీ, అంటే కంపెనీవాళ్ళు మనకి అక్కర్లేనివి ఎన్ని అంటగడుతున్నారో చూడండనీ మంగాయమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పిందట. మంగాయమ్మది పక్కిల్లే. ప్రహరీ గోడ ఆవిడ గడ్డం వరకే ఉంటుంది. పాలకేంద్రంలో పుట్టిన మాట చర్చి పక్క కిరాణా కొట్టుకి చేరే లోపల దోసెడు కాస్తా బుట్టెడయింది. అక్కడ చింతపండు కొంటున్న జ్ఞానమ్మ చెవిన పడింది. ఆవిడ సూరిబాబుకి కన్నతల్లి. ఇంటికొచ్చి, అన్నం తింటున్న కొడుకు ఎదురుగా పీట వేసుకు కూచుని, బుట్టెడు మిగిలిపోయిందటగా అంది.

"మిగిలిపోలేదమ్మా, తీసేసేను," అన్నాడు సూరిబాబు.

ఆ రెండింటికీ చాలా తేడా ఉందని అతని ఉద్దేశం.

సూరిబాబు కొత్తపేటలో జూనియర్ కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు. పదహారేళ్ళలో పాఠాలు చెప్పే మేష్టర్లు ఎందరో మారేరు గాని ల్యాబ్ తాళం మాత్రం అతని మొలతాడుకే ఉండిపోయింది. దాంతో సైన్సు మొత్తానికి తనే కాపలా అన్న భావం ఒకటి అతనిలో స్థిరపడింది. ఇంట్లో ఉప్పు డబ్బా మీదా పప్పు డబ్బా మీదా కూడా అతని చీటీలుంటాయి. కందిపప్పు, తెచ్చిన తేదీ, సంతకం.

భార్య రేచల్ ఆత్రేయపురం పక్క పిల్ల. ఓణీ వెయ్యకముందు నుంచీ రేకు తీస్తోంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, మజ్జిగలా పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ వీపు మీద అలా ఒక్కసారి లాగిందంటే ఉల్లిపొర కన్నా పల్చగా రేకు లేచొస్తుంది. దాన్నిండా నెయ్యీ పంచదార పొడీ జల్లి మడిస్తే పూతరేకు. పద్దెనిమిదేళ్ళుగా రేచల్ ఆత్రేయపురంలో ఒక కొట్టుకి చేసిస్తోంది. తినేది జనం, పెట్టె మీద పేరు కొట్టుది. ఈ పద్దెనిమిదేళ్ళలో ఆ పూతరేకు చేసినదెవరమ్మా అని అడిగినవాడు ఒక్కడే, దిండిలో ఒక రిసార్టుకి మేనేజరు నాగసాయి. ఎవరి పెళ్ళిలోనో తిన్నాడట, ఆరా తీసుకుంటూ ఇంటికే వచ్చేసేడు. హౌస్ బోట్లు ఎక్కే అతిథులకి తలో పెట్టె ఇవ్వాలనీ, పెట్టెకి రెండు చొప్పున ముందు మూడొందల పెట్టెలు చేసిమ్మనీ, బాగుంటే సీజనంతా వారం వారం తీసుకుంటాననీ, పెట్టె మీద మీ పేరే వేసుకోండనీ చెప్పి వెళ్ళేడు.

పెట్టెలు అచ్చయి వచ్చేయి. ఆకుపచ్చ రంగు మీద బంగారు అక్షరాలతో 'రేచల్ పూతరేకులు' అని. రేచల్ అందులో ఒకటి మడత విప్పకుండా తీసి క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పెట్టుకుంది. ఆదివారం చర్చిలో పాట పేజీ తియ్యబోతే ఆ పేజీయే వచ్చేదిట.

రేకుకి ఒక బుద్ధుంది. పక్కన ఏ వాసనుంటే అది పట్టేసుకుంటుంది. పట్టేసుకున్నాక ఇంక ఎవరేం చేసినా వదలదు. అందుకని రేకులు తీసే ఇళ్ళలో కొన్ని పట్టింపులుంటాయి. అవి రేచల్‌కి పుట్టింటి నుంచి వచ్చినవే అయినా, అమలు మాత్రం సూరిబాబు చేతిలోకి వెళ్ళిపోయేయి. ల్యాబ్‌లో యాసిడ్ సీసాలకి అంటించే ఎర్రంచు చీటీ ఒకటి తెచ్చి, వరండా గుమ్మానికి అంటించేడు. రేకులున్న రోజుల్లో చేపల వేపుడు నిషేధం, దోమల చక్రం నిషేధం, తలలో పువ్వులు నిషేధం, మోకాళ్ళ బామ్ నిషేధం. ఆఖరిది జ్ఞానమ్మని ఉద్దేశించినది. ఆవిడ బామ్ డబ్బా అతనే స్వాధీనం చేసుకుని కాలేజీ ల్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేసేడు. అప్పటినుంచీ ఆవిడ కొడుకు ఎదురుపడినప్పుడల్లా మోకాలు పట్టుకుని కూచుంటోంది.

ఇక బండి సంగతి. మూడేళ్ళ కిందట కొన్న బీఎస్ సిక్స్ బండి. దానికి ఏ లోటూ లేదు. కాకపోతే లొల్ల లాకుల దగ్గర కాలవ గట్టు మీద ఒక రోజు, వెనక రేచల్, ఆవిడ ఒళ్ళో రెండు రేకుల పెట్టెలూ, ముందు ట్యాంకు మీద నెయ్యి డబ్బా పెట్టుకుని వెళ్తుంటే, కొబ్బరి దింపులు తీసే పెద్దిరాజు తన ఇరవయ్యేళ్ళ పాత బండి మీద, వెనక మోకూ గునపమూ కట్టుకుని, పొగ చిమ్ముకుంటూ దాటి వెళ్ళిపోయేడు. దాటడమే కాదు, ఎడం చెయ్యెత్తేడు. ఆ చెయ్యి సూరిబాబుకి గుచ్చుకుంది. పెద్దిరాజు సన్నంగా ఉంటాడు కదండీ అని వెనక నుంచి రేచల్ అన్న మాట గాలికి వినపడలేదన్నట్టు ఊరుకున్నాడు.

తర్వాత మూడు ఆదివారాలు ఫోన్లో వీడియోలు చూసేడు. చెప్పేవాడి భాష అతనికి సగమే తెలుసు. తెలిసిన సగంలో అర్థమయిందేమిటంటే, పొగ శుభ్రం చెయ్యాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో కంపెనీలు ఇంజనుకి ముక్కూ మూతీ కట్టేసేయి, ఆ కట్లు ఇంట్లోనే విప్పుకోవచ్చు, విప్పితే బండి లేడిపిల్లే. తెలియని సగంలో ఏముందో అతను పట్టించుకోలేదు.

నాలుగో ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పని మొదలెట్టేడు. ట్యాంకు కింద గొట్టాలతో వేలాడే అరచేతంత నల్ల డబ్బా ఊడదీసేడు. ఇంజన్ మీద చిటికెన వేలంత గాలి గొట్టం పీకేడు. సైలెన్సర్ లోపల తేనెపట్టులా కన్నాలున్న పింగాణీ దిమ్మ ఒకటి ఉంటుంది, పొగని వడగట్టేదట. అది సుత్తికి లొంగలేదు. కొబ్బరికాయలు ఒలిచే గునపమైతే సరిగ్గా దూరుతుందని తోచింది. ఊళ్ళో మంచి గునపం ఉన్నది పెద్దిరాజు దగ్గర. ఎందుకో చెప్పకుండా వెళ్ళి అరువు తెచ్చి, నాలుగు పోట్లు పొడిచేసరికి దిమ్మ పటిక బెల్లంలా ముక్కలయి రాలింది. తెరిచిన కన్నాలకి ల్యాబ్ నుంచి తెచ్చిన రబ్బరు బిరడాలు కొట్టేడు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఒకటి మిగిలింది. అది ఉత్త గాలి గొట్టమే కదా, దానికేం పనిలే అని వేలాడనిచ్చేడు.

నల్ల డబ్బా ఏమిటని జ్ఞానమ్మ అడిగింది. కదిపి చూపించేడు, లోపల గరగరమంది. అందులో ఉన్నది బొగ్గనీ, ఎండకి ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరి బయటకి రాకుండా అది పట్టి ఉంచుతుందనీ, బండికి ఉత్త బరువనీ వివరించేడు.

"వాసన పట్టుకుంటుందన్న మాట," అంది జ్ఞానమ్మ.

అవునన్నాడు. ఆవిడ డబ్బాని తనూ ఒకసారి కదిపి చూసింది.

బండి స్టార్టు చేస్తే సఖినేటిపల్లి రేవులో మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు బయల్దేరినట్టు మోగింది. మంగాయమ్మ కోళ్ళు గోడెక్కేయి. సూరిబాబు ఒక్కడే గట్టు మీదకి వెళ్ళేడు. ఆ రోజు దేవుడు అతని పక్షానే ఉన్నట్టున్నాడు, లాకుల ఇవతలే పెద్దిరాజు కనపడ్డాడు. సూరిబాబు రయ్యిన దాటేడు. పెద్దిరాజు మళ్ళీ ఎడం చెయ్యెత్తేడు. ఈసారి దాన్ని ఓటమి ఒప్పుకోవడంగా తీసుకుని, ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

కార్తీకం వచ్చినా వానలు వదలని ఏడాది అది. బండి ఎప్పట్లాగే వరండాలోకి ఎక్కింది. అదే వరండాలో, ఉత్తరం గోడకి ఆనించి ఉన్న చెక్కబీరువాలో, తెల్లగుడ్డల మధ్య దొంతర్లు దొంతర్లుగా రేకులున్నాయి.

బుధవారం పొద్దున్న రేచల్ పైదొంతర నుంచి ఒక రేకు తీసి, నెయ్యి రాసి, పంచదార జల్లి, మడిచి కొస కొరికింది. నమలడం మధ్యలో ఆపేసింది. కింద దొంతర నుంచి ఇంకోటి తీసింది. అదీ అంతే. నాలుక మీద తీపి, ముక్కులో ఇంకేదో. ఏదని పేరు పెట్టడానికి రాకుండా, నెయ్యి వాసనలో కలిసిపోయి, వెనక నుంచి గుచ్చుతోంది. ఆవిడ ఆ సగం ముక్క తీసుకెళ్ళి అత్తగారి ముందు పళ్ళెంలో పెట్టింది. జ్ఞానమ్మకి అర్థమయిపోయింది. ప్రభువు సాక్షిగా తను బామ్ ముట్టుకోలేదనీ, డబ్బా నీ మొగుడి కాలేజీలో ఖైదులో ఉందనీ, కావాలంటే మోకాళ్ళు వాసన చూసుకోమనీ చెప్పింది. రేచల్ నెయ్యి చూసింది, బాగానే ఉంది. పంచదార చూసింది, బాగానే ఉంది. సూరిబాబుని పిలిచి రేకు చేతికిచ్చింది. అతను లోపలి దాకా పీల్చి, కళ్ళు మూసుకుని, ఏ వాసనా లేదని తేల్చేడు. ఆదివారం నుంచీ అతని చేతులూ, చొక్కా, మీసం అన్నీ ఒకటే వాసన. ఆ ముక్కుకి ఇంకోటి ఎలా తెలుస్తుంది.

రేచల్ గుమ్మంలో కూలబడింది. శుక్రవారం పొద్దున్నే నాగసాయి వ్యాను తీసుకుని వస్తాడు. ఏదో ఒకటి అనుకోనీ, కొట్టువాళ్ళకి ఒకసారి ఇలాగే తేడా వస్తే ఏమయిందని, అని సూరిబాబు ధైర్యం చెప్పబోయేడు.

"ఇన్నాళ్ళూ తేడా వస్తే పోయేది కొట్టు పేరండి. ఇప్పుడు పోయేది నాది," అంది రేచల్.

ఇలాంటప్పుడే సూరిబాబుకి ప్రయోగం గుర్తుకొస్తుంది. కాలేజీకి ఫోన్ చేసి సెలవు పెట్టి, నాలుగు స్టీలు పళ్ళేలు కడిగి తుడిచి, చీటీలు అంటించేడు. ఒకటి వంటిల్లు, రెండు అమ్మ గది, మూడు రేకులు తీసే వెనక పాక, నాలుగు వరండా. రేచల్ చేత అప్పటికప్పుడు నాలుగు కొత్త రేకులు తీయించి ఒక్కో పళ్ళెంలో ఒక్కోటి పెట్టి, మూడు గంటలు ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. పైకి చెప్పలేదు గాని, నేరం రెండో పళ్ళెంలో బయటపడుతుందని అతని గట్టి నమ్మకం. పెద్దవాళ్ళు తలగడ కింద ఇంకో బామ్ డబ్బా దాచుకోరని ఏముంది.

వాసన చూడటానికి ఇంట్లోవాళ్ళు పనికిరారన్నాడు, పక్షపాతం వస్తుందట. ఇంటికి సంబంధం లేని ముక్కు కావాలి. అలాంటిది వీధిలో ఒక్కటే ఉంది. గోడ అవతల నుంచి ఎవరింట్లో పులస తల ఉడుకుతోందో, ఎవరింట్లో తోక ఉడుకుతోందో చెప్పగల ముక్కు. మంగాయమ్మని పిలిస్తే చేతులు కడుక్కుని, చీర మార్చుకుని మరీ వచ్చింది.

ఒకటో పళ్ళెం దగ్గర వంగి, పచ్చి బియ్యం వాసన, దోషం లేదంది. రెండో పళ్ళెం చాలాసేపు చూసింది. సూరిబాబు తల్లి వైపు చూసేడు. రెండోది మరీ శుభ్రంగా ఉందనీ, మామూలుగా ముసలివాళ్ళ గదిలో ఉండే వాసన కూడా లేదనీ, ఇదేదో విచిత్రంగా ఉందనీ మంగాయమ్మ తేల్చింది. జ్ఞానమ్మ వీపు నిటారయింది. మూడో పళ్ళెంలో కొబ్బరాకు పొగ కొద్దిగా ఉంది. అది రేకుకి ఒంటి వాసన, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. నాలుగో పళ్ళేన్ని మంగాయమ్మ ఎత్తనైనా ఎత్తలేదు. దాన్ని దాటుకుని వెళ్ళి, బండి దగ్గర ఒంగుని, ట్యాంకు కింద వేలాడుతున్న గొట్టం కొసని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"సూరిబాబుగారూ, మీ నాలుగో పళ్ళెం ఇక్కడుందండి."

సూరిబాబు గుమ్మం మీద చీటీ వైపు చూసేడు. చేపలున్నాయి, దోమల చక్రం ఉంది, పువ్వులున్నాయి, బామ్ ఉంది. ఎర్రంచు కింద అతని సంతకం కూడా ఉంది. పెట్రోలు లేదు.

ఆవిరిని పట్టి ఉంచే డబ్బాని ఊడదీసి, ఆవిరికి గొట్టం తెరిచి పెట్టి, రేకుల బీరువాకి మూడడుగుల దూరంలో నిలబెట్టినది తనే. ప్రయోగం మాత్రం గొప్పగా కుదిరింది. అంత నిక్కచ్చిగా నేరస్థుణ్ణి పట్టిచ్చిన ప్రయోగం ఆ పదహారేళ్ళలో కాలేజీలో ఒక్కటీ జరగలేదు.

రేచల్ బీరువా తెరిచి, దొంతర్లన్నీ గుడ్డలతో సహా తీసి పెరట్లో పెట్టింది. మంగాయమ్మ వాటిని తన గేదెకి వేసి చూసింది. గేదె ఒకసారి మూతి పెట్టి, తల అటు తిప్పేసుకుంది.

ముందు బండిని వీధిలోకి దొర్లించి, నల్ల డబ్బా కోసం వెతకడం మొదలెట్టేరు. పాకలో లేదు, మంచం కింద లేదు, కొబ్బరి డొక్కల గుట్టలో లేదు. సూరిబాబు మట్టి చేతులతో మూడోసారి వరండాలోకి వచ్చేసరికి జ్ఞానమ్మ మోకాలు రాసుకుంటూ, బామ్ డబ్బా ఇస్తే తన దగ్గరున్నది తనూ ఇస్తానంది. సంగతేమిటంటే, ఆదివారమే ఆవిడ ఆ నల్ల డబ్బాని తీసుకెళ్ళి, ఒక రోజంతా డాబా మీద ఎండబెట్టి, తన ట్రంకు పెట్టెలో చర్చి చీరల మధ్య పెట్టుకుంది. వానాకాలం వస్తే ఆ పెట్టె నిండా ముక్కిన వాసన. ఆవిడ తల్లి రోజుల్లో కొబ్బరి చిప్ప బొగ్గు గుడ్డలో కట్టి బట్టల్లో పెట్టేవారు. వాసన పట్టుకుంటుందని నువ్వే చెప్పేవు కదా అంది కొడుకుతో. చీరలు పొందిగ్గా ఉన్నాయి, గది కూడా బాగుపడింది, ఇప్పుడు దాన్ని ఊరికే ఎందుకు ఇవ్వాలో చెప్పమంది.

సూరిబాబు కొత్తపేట వెళ్ళి ల్యాబ్ తాళం తీసి బామ్ తెచ్చేడు. ఆవిడ ఒక చేత్తో అది అందుకున్నాకే రెండో చేత్తో ఇది ఇచ్చింది. అయితే రేకులున్న గది ముఖం చూడననీ, బామ్ మంగాయమ్మ అరుగు మీద కూచుని రాసుకుంటాననీ తనంతట తనే మాటిచ్చింది.

అతను వీధిలోనే కూచుని డబ్బా బిగిస్తుంటే పెద్దిరాజు తన గునపం కోసం వచ్చేడు. పనిలో పనిగా, ఆదివారం గట్టు మీద ఎంత చెయ్యెత్తినా ఆపకుండా వెళ్ళిపోయేరేమండీ అని నొచ్చుకున్నాడు. ఆ రోజు అతని బండిలో పెట్రోలు అయిపోయిందట, దిగి తోసుకుందామనుకుంటుంటే సూరిబాబు వస్తూ కనపడ్డాడట. సూరిబాబు స్పానరు కింద పెట్టి, మరి అంతకుముందు నెల్లో ఎత్తిన చెయ్యి సంగతేమిటని అడిగేడు. పెద్దిరాజు గునపం భుజానికెత్తుకుని, అది ఎడం పక్క తోటలోకి తిరుగుతున్నానని చూపించిన చెయ్యి అన్నాడు. ఆ బండికి సైడు లైట్లు పనిచెయ్యక పదేళ్ళయిందట.

డబ్బా ఎక్కింది, గాలి గొట్టం ఎక్కింది, రబ్బరు బిరడాలు కాలేజీకి తిరిగెళ్ళేయి. సైలెన్సర్‌లో దిమ్మ మాత్రం ఇంక రాదు. దాని ముక్కలు రేచల్ ఆదివారమే ఊడ్చి అవతల పోసేసింది. కొత్త సైలెన్సర్ రాజమండ్రి నుంచి రావాలి. అందాకా బండి పంటులాగే మోగుతుంది, పంటులాగే కంపు కొడుతుంది. దాన్ని వీధిలో వేపచెట్టు కింద నీలం పట్టా కప్పి నిలబెట్టేరు. కొబ్బరి చెట్టు కింద పెడదామంటే కాయ పడుతుందని పెద్దిరాజు వద్దన్నాడు.

గురువారం తెల్లారకముందే రేచల్ కుండ బోర్లించింది. మంగాయమ్మ మడవడానికి వచ్చింది, మూడిళ్ళ కబుర్లు వెంటపెట్టుకుని. సూరిబాబు ఇంకో రోజు సెలవు పెట్టి మంట దగ్గర కూచున్నాడు. ఎండాకు తుంచి కుండ కింద పెట్టడం, అంతే పని. మంట పెరిగితే రేకు మాడుతుంది, తగ్గితే లేవదు. రోజంతా రేచల్ అతనితో రెండే మాటలు మాట్లాడింది. 'ఎక్కువ', లేకపోతే 'తక్కువ'. మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడ నోరు తెరవకముందే అతని చెయ్యి సర్దుకోవడం నేర్చుకుంది. గుడ్డ తడిసిన చప్పుడు, కుండ మీద చుర్రుమన్న చప్పుడు, రేకు లేచిన చప్పుడు కూడా వినపడుతోంది అతనికి, అంత మెల్లగానూ. పద్దెనిమిదేళ్ళుగా వీపు వెనకే జరుగుతున్నా ఆ చప్పుడు అతనెప్పుడూ వినలేదు. పొగకి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటే, జ్ఞానమ్మ మంగాయమ్మ అరుగు మీద నుంచి, ల్యాబ్ అద్దాలు పెట్టుకోకపోయేవా అని సలహా ఇచ్చింది. పొద్దు వాలేసరికి మూడొందల పెట్టెలకీ సరిపడా పూతరేకులు మడతలు పడ్డాయి. ఆకుపచ్చ పెట్టెలు గదిలో గోడెత్తు లేచేయి. గుమ్మం మీద చీటీలో కొత్త వరస ఒకటి చేరింది. అది సూరిబాబు దస్తూరీ కాదు, రేచల్‌ది.

శుక్రవారం నాగసాయి వ్యాను వేసుకుని వచ్చేడు. కుర్చీ వేసి కూచోబెట్టేరు. రేచల్ ఒక పెట్టె విప్పి పళ్ళెంలో రెండు పెట్టింది. అతను ఒకటి తీసి కొరికేడు. వరండాలో నలుగురూ అతని దవడ వైపే చూస్తున్నారు. నమిలేడు, ఆగేడు, రేచల్ చేతిలో కొంగు ముడి బిగిసింది. మింగి, రెండోది కూడా తీసుకున్నాడు. అది అయ్యాక మూడోది ఉందా అని అడిగేడు. తను పెళ్ళిలో తిన్నదాని కన్నా ఇదే బాగుందనీ, మార్చి నెలాఖరు దాకా వారం వారం మూడొందలు ఖాయం చేసుకోమనీ చెప్పేడు. మంగాయమ్మ గోడ దగ్గరకెళ్ళి వీధంతా వినపడేలా ఎవరితోనో ఏదో అంది.

ఒక్కటే ఇబ్బంది అన్నాడు నాగసాయి. వ్యాను ప్రతి వారం ఇంత దూరం పంపడం కుదరదు, సరుకు వాళ్ళే దిండి దాకా తెచ్చివ్వాలి. అంటూ వీధిలోకి చూసి, నీలం పట్టా కింద నుంచి కనపడుతున్న చక్రాన్ని గమనించి, సారుగారికి బండి ఉందిగా అని నవ్వేడు.

సూరిబాబు ముఖం విప్పారింది. ఆయ్, భేషుగ్గా తెచ్చేస్తానండి అన్నాడు. పెట్రోలు ఆవిరి ఇంక బయటకి రాదనీ, నల్ల డబ్బా యథాస్థానంలో ఉందనీ, కొత్త సైలెన్సర్ మంగళవారానికి వచ్చేస్తుందనీ, అది పడితే బండి షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంటుందనీ, పెట్టెలకి వెనక ఒక చెక్క అర కట్టిస్తాననీ, దాని కొలతలు కూడా ఈపూటే వేసేస్తాననీ చెప్పుకుపోతున్నాడు. నాగసాయి తలాడిస్తున్నాడు. జ్ఞానమ్మ మోకాలి మీద చెయ్యి ఆపింది.

రేచల్ విప్పిన పెట్టెని మళ్ళీ మూసి, పేరు పైకి వచ్చేలా తిప్పి, అన్నిటి మీదా పెట్టింది.

"ఆయన రావచ్చండి. బండి రాకూడదు."